గొంతు గరగర, ఇంటి కిట్‌లో నెగెటివ్: పండక్కి ఊరు పోవచ్చా?

పెన్న_ఒడ్డు
11 జనవరి 2022, రాత్రి 9:40

అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాల. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర మున్నెకొలాలలో పీజీ హాస్టల్లో ఉంటా, త్రీ షేరింగు. నిన్న సాయంత్రం నించి గొంతు గరగర, ఒళ్ళు నొప్పులు. జ్వరం 99 దాటలా. మా రూమ్మేటు ఆఫీసులో ఎవురికో కోవిడ్ పాజిటివ్ వచ్చిందంట. మెడికల్ షాపులో ఇంటి కిట్ తెచ్చి చేసుకున్నా. సీ దగ్గర గీత పడింది, టీ దగ్గర ఏమీ లేదు.

రేపు రాత్రికి మడివాళలో బస్సు, నెల్లూరికి. ఇంట్లో నాయనమ్మ ఉంది, ఎనభై దాటినాయి, షుగరు. రెండు డోసులూ ఏపించినాం. నెగెటివే గెదా, మాస్కు పెట్టుకోని పోవచ్చా? అమ్మ అప్పుడే అరిసెలకి బియ్యం నానబెట్టేసింది.

సీమసందు
11 జనవరి 2022, రాత్రి 9:52

పోవద్దబ్బా.

గోదారి_గాలి
11 జనవరి 2022, రాత్రి 10:05

ఏంటండీ ఈ గోల. ఈ కొత్త రకం కోవిడ్, ఒమిక్రాన్ అంటే జలుబండీ బాబూ. మా ఆఫీసులో సగం మందికి వచ్చి పోయింది, ఇద్దరు మీటింగులో దగ్గుతూనే డెమో ఇచ్చేశారు. పైగా టెస్టు చేసుకున్నావు, నెగెటివ్ వచ్చింది, ఇంకేం కావాలి? పోయినేడు కూడా పండగ లేదు. బస్సెక్కు తమ్ముడూ.

ఓరుగల్లు_బిడ్డ
11 జనవరి 2022, రాత్రి 10:11

అన్నా, నీకు జలుబే. ఆ ముసలమ్మకు ఏమైతదో నీకెర్కనా? బస్సుల పక్క సీట్లోళ్ళ సంగతి? రాత్రంతా ఏసీ, అద్దాలన్నీ మూసి. జెర సోచాయించు.

హూడి_అక్క
11 జనవరి 2022, రాత్రి 10:20

తమ్ముడూ, ముందు ఇవి చెప్పు. పుల్ల ముక్కులో ఎంత లోపలికి పెట్టావు? రెండు రంధ్రాల్లోనూ తిప్పావా? గీత ఎన్ని నిమిషాలకి చూశావు? లక్షణాలు మొదలై ఒక్క రోజేనా? కిట్ ఎక్కడ పెట్టారు ఆ షాపులో, ఎండ తగిలే అద్దాల బీరువాలోనా?

పెన్న_ఒడ్డు
11 జనవరి 2022, రాత్రి 10:31

అక్కా, ముక్కు మొదట్లోనే తిప్పినా, లోపలికి పెడితే తుమ్ములొస్తా ఉండాయి. రెండు పక్కలా తిప్పినా. పావుగంటకి చూసినా. షాపులో ఎక్కడ పెట్టినారో చూళ్ళా.

స్వాబ్_మాస్టర్
11 జనవరి 2022, రాత్రి 11:02

నేను ల్యాబ్‌లో చేస్తాను, మహదేవపుర వైపు. 2020 నుంచి నా ఉద్యోగమంతా జనాల ముక్కుల్లోనే, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

ఇంటి కిట్ వెతికేది వైరస్‌లో ఉండే న్యూక్లియోక్యాప్సిడ్ అనే ప్రొటీన్‌ని. ముక్కులో అది బాగా పేరుకుంటేనే టీ దగ్గర గీత పడుతుంది. ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ టెస్టు అలా కాదు. దొరికిన పిసరంత జన్యుపదార్థాన్నే మిషను రెట్టింపు, దానికి మళ్ళీ రెట్టింపు చేసుకుంటూ పోతుంది. రిపోర్టులో సీటీ అని ఒక అంకె ఉంటుంది చూడండి, ఎన్నో రెట్టింపు దగ్గర వైరస్ బయటపడిందో అది చెబుతుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కలో 35 లోపు పాజిటివ్. సీటీ 18 వచ్చిన మనిషి ముక్కులో, 28 వచ్చిన మనిషి కంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ సరుకు ఉన్నట్టు. ఆ రెండో మనిషికి ఇంటి కిట్‌లో నెగెటివ్ రావచ్చు. తెల్లారేసరికి అతనే మొదటి మనిషి కావచ్చు. మన పెన్న ఒడ్డు తమ్ముడి పరిస్థితి ఇప్పుడు అదేనేమో అని నా అనుమానం.

ఇంకోటి. ఇది నేను కొత్తగా చెప్పే మాట కాదు. మే 2021లో మొదటి ఇంటి కిట్ కోవిసెల్ఫ్‌కి అనుమతి ఇచ్చినప్పుడే ఐసీఎంఆర్ స్పష్టంగా రాసింది: గీత పడితే పాజిటివే, మళ్ళీ టెస్టు అక్కర్లేదు. లక్షణాలు ఉండీ గీత పడకపోతే మాత్రం ఆర్‌టీపీసీఆర్ చేయించుకోవాలి. నిన్న 10వ తారీఖున ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది. జనం రెండో సగం చదవరు. డబ్బా మీది బొమ్మలు చూసి చేసేస్తారు, లోపలి కాగితం అట్లాగే మడతలో ఉంటుంది.

తీసే పద్ధతి: ముందు ముక్కు చీది, చేతులు కడుక్కుని కూర్చోండి. పుల్లని రెండు మూడు సెంటీమీటర్లు, అడ్డు తగిలేదాకా పోనిచ్చి, గోడకి ఆనించి ఐదు సార్లు తిప్పాలి. అదే పుల్లతో రెండో వైపూ. తుమ్ము రావచ్చు, కళ్ళల్లో నీళ్ళు తిరగొచ్చు. ట్యూబులో ముంచి పది సార్లు గిలకొట్టి, పుల్ల విరిచి, మూత పెట్టి, కార్డు మీద రెండు చుక్కలు. పావుగంటకి చూడాలి. ఇరవై నిమిషాలు దాటాక కనిపించే గీతలకి లెక్క లేదు, ఆరిపోయేటప్పుడు నీడలాంటివి పడుతుంటాయి. సీ గీతే రాకపోతే ఆ కార్డు పనికిరాదు, ఇంకోటి తియ్యాలి. కిట్ 30 డిగ్రీలకి మించి వేడి తగలకూడదు. ఫ్రిజ్‌లోంచి తీస్తే కాసేపు బయట ఉంచి వాడాలి.

టికెట్టు క్యాన్సిల్ చేసుకో తమ్ముడూ. రేపు కాదు, ఎల్లుండి మళ్ళీ ఒకటి చెయ్యి. లేదా పొద్దున్నే దగ్గర్లో పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వెళ్ళు, అక్కడ ఉచితంగా తీస్తారు.

గోదారి_గాలి
11 జనవరి 2022, రాత్రి 11:15

సరే మాస్టారూ, లక్షణం ఉన్న ప్రతోడూ ఆర్‌టీపీసీఆర్‌కి పోతే మీ ల్యాబులు తట్టుకుంటాయా? ఇప్పటికే రిపోర్టులు లేటు. ఐసీఎంఆరే చెప్పింది కదా, పాజిటివ్ వచ్చినోళ్ళ పక్కన తిరిగినా లక్షణాలు లేకపోతే టెస్టు అక్కర్లేదని. అంటే వాళ్ళే వదిలేశారు.

స్వాబ్_మాస్టర్
11 జనవరి 2022, రాత్రి 11:24

అరవై దాటినవాళ్ళకీ, షుగరూ బీపీలాంటివి ఉన్నవాళ్ళకీ ఆ మినహాయింపు లేదండీ. ఆ వాక్యంలోనే ఉంది చూడండి. తమ్ముడు వెళ్ళేది సరిగ్గా అలాంటి మనిషి దగ్గరికే. ల్యాబులు తట్టుకోలేవన్నది మాత్రం నిజం, నేను అన్నం తిన్నది ఇప్పుడే.

బెళ్ళందూరు_బాబాయ్
12 జనవరి 2022, ఉదయం 6:50

రాత్రి ఇదంతా చదివి పడుకున్నా, నిద్ర పట్టలేదు. జలుబే అన్న కుర్రాడి మీద కోపం కాదు, మా ఇంట్లో పోయిన ఏప్రిల్ గుర్తొచ్చింది.

మా ఆవిడకి జ్వరం. అప్పటికి ఇంటి కిట్లు లేవు. శాంపిల్ తీసే కుర్రాడు రావడం ఆలస్యం, రిపోర్టు రావడం ఇంకా ఆలస్యం. ఈ ఊళ్ళో అప్పుడు రెండు నంబర్లు లేనిదే ఏ పనీ జరగలేదు. శాంపిల్ ఇస్తే ఎస్సారెఫ్ నంబరు, పాజిటివ్ తేలితే బీయూ నంబరు. మంచం కావాలని 1912కి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, బీయూ నంబర్ ఏళి సార్. మనిషి ఎగశ్వాస పీలుస్తున్నా సరే, నంబరు పడకపోతే వరసలో చోటు లేదు. మే 5న రాష్ట్రం మొత్తంలో ఒక్కరోజే 50 వేల కేసులు దాటాయి, అందులో సగానికి దగ్గర ఈ ఊరివే. ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు గేటు దగ్గరే, అడ్వాన్సు ఎంత కట్టగలరు అన్నారు. మంచం ఉందో లేదో తర్వాత.

అప్పుడు మాకు దిక్కయింది పల్స్ ఆక్సీమీటరు, వేలికి తగిలించి ఒంట్లో ఆక్సిజను చూసేది. మా పక్కింటి కన్నడ మాస్టారిది. ఒక నోటుబుక్కు పెట్టాను. టైము, జ్వరం, ఆక్సిజను, గుండె వేగం. ఊరికే కూర్చుని చూస్తే 96, 95 బాగానే కనపడుతుంది. మా అమ్మాయి ఫోన్లో చెప్పింది, నాన్నా, అమ్మని హాల్లో ఆరు నిమిషాలు నడిపించి మళ్ళీ చూడు అని. నడిపిస్తే 91. కూర్చుంటే తెలియని సంగతి నడిస్తే బయటపడింది. అప్పటికి డాక్టరు ఫోన్లో దొరికాడు. మంచం దొరికేదాకా బోర్లా పడుకోబెట్టమన్నాడు, మెడ కింద ఒక దిండు, గుండె నుంచి తొడల దాకా ఒకటో రెండో, కాళ్ళ కింద రెండు. కేంద్ర ఆరోగ్య శాఖ కూడా అదే నెలలో ఆ బొమ్మల కాగితం వదిలింది. బోర్లా పడుకున్న గంటకి రెండు పాయింట్లు పెరిగేది. అపార్టుమెంటు వాళ్ళంతా చందా వేసి ఒక ఆక్సిజన్ కాన్సంట్రేటరు కొన్నారు, అది మా ఇంటికొచ్చింది, తర్వాత ఇంకో ఇంటికి వెళ్ళింది.

ఆవిడ బాగానే ఉంది. ఇప్పుడు నా వెనకాల నిలబడి, ఆక్సిజను 91 కాదు 90 అంటోంది. నోటుబుక్కులో 91 అనే ఉంది. పక్క బ్లాకులో ఇద్దరికి మంచం దొరికేసరికి ఆలస్యమైపోయింది.

టీకాలు వచ్చాయి, ఇప్పుడంత ఉండదు, ఒప్పుకుంటాను. కానీ బాబూ పెన్న ఒడ్డూ, మీ నాయనమ్మ దగ్గర ఆక్సీమీటరు ఉందా? లేకపోతే ఆ బస్సు టికెట్టు డబ్బులతో ఒకటి కొని పంపించు. చల్లటి వేళ్ళతో, గోళ్ళరంగుతో చూస్తే అంకె తప్పుతుందని కూడా చెప్పు.

సీమసందు
12 జనవరి 2022, ఉదయం 7:30

బాబాయ్, దండం.

పెన్న_ఒడ్డు
12 జనవరి 2022, మధ్యాహ్నం 1:15

టికెట్టు క్యాన్సిల్ చేసినా. అమ్మ ఫోన్లో ఏడ్చింది, నాయన మాత్రం మంచి పని చేసినావురా అన్నాడు. జ్వరం ఇప్పుడు 101. మాస్టరన్నా చెప్పినట్టు రేపు మళ్ళీ చేస్తా.

పెన్న_ఒడ్డు
13 జనవరి 2022, సాయంత్రం 5:48

అన్నా, ఇయ్యాల మళ్ళీ చేసినా. ఈసారి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా తిప్పినా. పది నిమిషాలకి టీ దగ్గర గీత, కాకపోతే సన్నంగా, పాలిపోయినట్టు ఉంది. లైటు కింద పెడితే కనిపిస్తాంది, నీడలో కనపడదు. ఇది పాజిటివేనా? కిట్ యాప్‌లో ఫోటో ఎక్కిస్తే తిరుగుతానే ఉంది, ఫలితం రావడం లా.

స్వాబ్_మాస్టర్
13 జనవరి 2022, సాయంత్రం 6:10

పాజిటివే. గీత ఉందా లేదా అన్నదే లెక్క, రంగు ముదురా లేతా అన్నది కాదు. సమయం లోపల పడింది కాబట్టి సందేహం లేదు. యాప్ ఇంకోసారి ప్రయత్నించు, ఎక్కించిన ఫలితం ఐసీఎంఆర్ లెక్కల్లోకి వెళ్తుంది. ఈవేళ్టి నుంచి లెక్కపెట్టుకో, కొత్త నిబంధన ప్రకారం పాజిటివ్ వచ్చినప్పటి నుంచి ఏడు రోజులు, చివరి మూడు రోజులూ జ్వరం ఉండకూడదు. అయ్యాక మళ్ళీ టెస్టు అక్కర్లేదు.

పెన్న_ఒడ్డు
13 జనవరి 2022, సాయంత్రం 6:40

అసలు తిప్పలు ఇప్పుడు మొదలైనాయన్నా. ఒకటి, మా హెచ్చారు ఇంటి కిట్ ఒప్పుకోరంట, ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు ఉంటేనే లీవంట. రెండు, పీజీ ఓనరు రాత్రిలోగా ఖాళీ చెయ్యమన్నాడు. రూమ్మేట్లు ఇద్దరూ ముఖాలు చూసుకుంటా ఉండారు. ఇంత జ్వరంలో యాడికి పోవాల?

ఓరుగల్లు_బిడ్డ
13 జనవరి 2022, సాయంత్రం 6:47

ఏం మనుషులుర నాయన. కిరాయి తీస్కునేటప్పుడు మనోడు, జ్వరమొస్తె ఎవడో. పోకు తమ్మీ. బీబీఎంపీ, గదే నగర కార్పొరేషన్ వాళ్ళకు ఫోన్ జేయి.

పీజీ_వదిన
13 జనవరి 2022, రాత్రి 7:30

నేను మాట్లాడొచ్చా? కావలి నుంచి వచ్చి కుందలహళ్ళిలో పీజీ నడుపుతున్నాం, నేనూ మా ఆయన. ఓనర్లని తిట్టేవాళ్ళు ఒకసారి మా వైపు నుంచి చూడండి. 2020లో పిల్లలంతా ఊళ్ళకి వెళ్ళిపోయారు, బిల్డింగు లీజు మాత్రం నెలనెలా కట్టాం. ఇప్పుడిప్పుడే గదులు నిండుతున్నాయి. ఒక గదిలో పాజిటివ్ అనే మాట బయటికొస్తే మిగతా గదుల వాళ్ళ అమ్మానాన్నలు ఫోన్లు మొదలు. తెల్లారేసరికి పది మంచాలు ఖాళీ. ఆ భయమే ఆ ఓనరుది.

అట్లాగని పిల్లాణ్ణి రోడ్డు మీదకి పంపడం తప్పు, అది కూడా చెప్తున్నా.

మేము చేసేది ఇది. పై అంతస్తులో సింగిల్ గది ఒకటి ఎవరికీ ఇవ్వకుండా పెట్టుకున్నాం. పాజిటివ్ వస్తే అందులోకి. అన్నం, మిరియాల రసం, రాత్రికి ఇడ్లీ, తలుపు దగ్గర స్టూలు మీద పెట్టి ఫోన్ కొడతాం. వాడేసి పారేసే ప్లేట్లు. ముగ్గురుండే గదిలో ఒక బాత్రూము పెట్టుకుని ఐసోలేషను అంటే నవ్వొస్తుంది, కానీ వేరే గది లేకపోతే అదే గతి: కిటికీ మూయకుండా, ముగ్గురూ మాస్కుతో, జ్వరమున్న పిల్లాడు బాత్రూముకి ఆఖర్న వెళ్ళాలి, వెళ్ళొచ్చాక ఎగ్జాస్టు ఫ్యాను ఆపకూడదు.

నువ్వు మీ ఓనరుకి ఇట్లా చెప్పు నాయనా: నన్ను పంపించినా మా రూమ్మేట్లకి ఇప్పటికే అంటుకుని ఉండొచ్చు, వాళ్ళు మెస్సులో తింటున్నారు, కాబట్టి ఒక గది చూపిస్తే అందరికీ మంచిది అని. గొడవ పడొద్దు. అప్పటికీ కాదంటే నాకు మెసేజి పెట్టు. మా పై గది ఇప్పుడు ఖాళీగానే ఉంది.

హూడి_అక్క
13 జనవరి 2022, రాత్రి 7:41

వదినా, మీ పీజీ ఎక్కడో నాకూ చెప్పండి, మా తమ్ముడు గది వెతుకుతున్నాడు. కోవిడ్ లేదులెండి వాడికి.

సీమసందు
13 జనవరి 2022, రాత్రి 8:05

వీళ్ళిప్పుడు చాలా నయం. 2020 జులైలో ఈ ఊర్లోనే ఒక అపార్టుమెంటులో రెండిండ్ల వాకిండ్లకు రేకులు కొట్టినారు, లోపల మనుషులుండంగనే. ఫోటోలు బయటికొచ్చినాంక బీబీఎంపీ కమిషనరు క్షమాపణ చెప్పి పీకించినాడు. అప్పట్లో చేతి మీద ముద్ర, వాకిలికి కాగితం. మా వీధిలో ఆ కాగితం జూసి పాలు పోసేటాయప్ప ఆ పక్కకే రాకుండా పోయినాడు.

హెచ్చారు సంగతి: ఐసీఎంఆర్ సూచనలో పాజిటివ్‌కు రిపీటు వద్దన్న ముక్క ఫోటో తీసి మెయిల్ పెట్టు. ఒప్పుకోకపోతే పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చెయ్. వాదించి గెలిచేకంటే ముక్కు ఇచ్చేది సులువు.

గోదారి_గాలి
13 జనవరి 2022, రాత్రి 8:30

తమ్ముడూ, బస్సెక్కమన్నది నేనే కదా, తిట్టుకోకు. మా పెద్దమ్మగారు కృష్ణపట్నం ఆనందయ్య నాటుమందు తెప్పించి పెట్టుకున్నారు పోయినేడు, కావాలంటే కనుక్కుంటా. పనిచేస్తుందంటారు.

ఆకుపచ్చ_స్టెత్
13 జనవరి 2022, రాత్రి 9:20

ఎంబీబీఎస్ చేశాను, గుంటూరు మెడికల్ కాలేజీ, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఒక క్లినిక్‌లో. సాధారణంగా ఇక్కడ చదవడమే గానీ రాయను.

ఆనందయ్యగారి మందు మీద జనానికున్న నమ్మకం మే 2021లో కృష్ణపట్నం రోడ్డు నిండా చూశాం. ఆ నెలాఖర్లో రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చినప్పుడు కూడా కంట్లో వేసే చుక్కలని పక్కన పెట్టింది. కోవిడ్‌ని తగ్గిస్తుందనడానికి రుజువు లేదు. నెలల తరబడి సీసాలో ఉన్నది అసలే వద్దు.

నన్ను నిజంగా భయపెట్టేది అది కాదు. వాట్సాప్‌లో తిరిగే మందుల చీటీలు. అందులో స్టెరాయిడ్ కచ్చితంగా ఉంటుంది. ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ తేల్చింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి దానివల్ల మేలు కనపడలేదు. ఇంట్లో, మొదటి రెండు మూడు రోజుల్లో వేసుకుంటే వైరస్‌తో పోరాడే శక్తినే తగ్గించుకున్నట్టు, షుగరు పైకి పోతుంది. పోయిన వేసవిలో బ్లాక్ ఫంగస్‌తో కన్ను తీయించుకున్నవాళ్ళలో చాలామంది షుగరూ స్టెరాయిడ్లూ కలిసినవాళ్ళే. ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ రెండూ సెప్టెంబరులోనే జాతీయ చికిత్సా సూచనల్లోంచి తీసేశారు. యాంటీబయాటిక్‌కి వైరస్ మీద పని లేదు.

పెన్న ఒడ్డుకి: పారాసెటమాల్, నీళ్ళు, గొంతుకి ఉప్పునీళ్ళు, నిద్ర. ఆవిరి పట్టుకుంటే హాయిగా ఉంటుంది, వైరస్ మాత్రం చావదు, మరిగే గిన్నె మీద పడి కాలినవాళ్ళని చూశాను. 100 పైన జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా, గుండెలో పట్టేసినట్టున్నా, మగతగా ఉన్నా, గంటలో మూడు సార్లు చూసినా ఆక్సిజన్ 93 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నా, ఇక్కడ పోస్టు రాయకుండా ఆసుపత్రికి వెళ్ళు.

బెళ్ళందూరు_బాబాయ్
13 జనవరి 2022, రాత్రి 9:34

డోలో 650 అనండి డాక్టరమ్మా, పారాసెటమాల్ అంటే ఇప్పుడు ఎవరికీ తెలియదు. అది తయారుచేసే కంపెనీ కూడా మన బెంగళూరుదే.

ఆకుపచ్చ_స్టెత్
13 జనవరి 2022, రాత్రి 9:40

డాక్టరమ్మని కాదండీ, డాక్టరయ్యని.

పెన్న_ఒడ్డు
14 జనవరి 2022, ఉదయం 11:20

అందరికీ భోగి శుభాకాంక్షలు. ఓనరు మెత్తబడినాడు. కింద స్టోరు రూములో మంచం ఏసిచ్చినాడు, బియ్యం మూటల పక్కన. కిటికీ ఉంది, చాలు. వదినా, మీ మాటే పనిచేసింది, మెస్సు అనంగానే మొహం మారిపోయింది. పీహెచ్‌సీలో ముక్కు కూడా ఇచ్చొచ్చినా. పెద్ద రూమ్మేటుకి కూడా గొంతు పట్టుకుందంట, చిన్నోడు బాగానే ఉండాడు. నాయనకి ఆక్సీమీటరు ఆర్డరు పెట్టినా.

కాఫీ వాసన తెలుస్తానే ఉంది. ఇంగువ కూడా. వాసన ఉంటే కోవిడ్ కాదంటన్నాడు చిన్నోడు.

స్వాబ్_మాస్టర్
14 జనవరి 2022, మధ్యాహ్నం 12:05

అది పోయినేడు తిరిగిన డెల్టా రకం నాటి మాట. ఒమిక్రాన్‌లో వాసన పోయేవాళ్ళు తక్కువ, గొంతు నొప్పే ముందు. డిసెంబరు 2న దేశంలో మొదటి రెండు ఒమిక్రాన్ కేసులూ బయటపడింది ఇక్కడే కర్ణాటకలో, అప్పటి నుంచి మా దగ్గరికొచ్చే ప్రతివాళ్ళూ గొంతు పట్టుకునే వస్తున్నారు. చిన్నోడికి ఇప్పుడు టెస్టు చేసినా తొందరే. లక్షణం కనపడితే చేయించండి, ఈలోపు మాస్కుతో ఉండమనండి.

హూడి_అక్క
14 జనవరి 2022, మధ్యాహ్నం 3:30

నిన్నటి నుంచి మా ఇంట్లోనూ మొదలైంది. మా చిన్నదానికి నాలుగేళ్ళు, జ్వరం. దాని ముక్కులో పుల్ల పెట్టడం నా వల్ల అయ్యే పనా? మా ఆయన తల పట్టుకున్నాడు, నేను చేతులు పట్టుకున్నాను, ఇంక పుల్ల పట్టుకునేవాళ్ళు లేరు. చివరికి దాని బొమ్మకి మొదట, తర్వాత వాళ్ళ నాన్నకి, ఆ తర్వాత దానికి. వాళ్ళ నాన్న తుమ్ముతుంటే నవ్వుతూ కూర్చుంది, ఆ నవ్వులోనే కానిచ్చేశాను. దానికి నెగెటివ్, వాళ్ళ నాన్నకి పాజిటివ్! ఏ నొప్పీ లేని మనిషి. అయినా పిల్లది కూడా పాజిటివే అనుకుని ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. ఎటూ ఈ రాత్రి పది నుంచి సోమవారం పొద్దున దాకా వీకెండ్ కర్ఫ్యూనే.

ఒక ప్రశ్న. వాడేసిన కిట్ ఎందులో వెయ్యాలి? మా చెత్త తీసుకెళ్ళే ఆవిడ చేతులకి గ్లవ్స్ ఉండవు.

స్వాబ్_మాస్టర్
14 జనవరి 2022, సాయంత్రం 4:15

పొడి చెత్త సంచిలో మాత్రం వద్దు, దాన్ని చేత్తో ఏరుతారు. పుల్ల, ట్యూబు, కార్డు కిట్‌తో వచ్చిన కవర్లో వేసి మూసి, కాగితంలో చుట్టి, దాని మీద ఎర్ర గుర్తు పెట్టి ఎర్ర డబ్బాలో వెయ్యండి, డైపర్లు వేసేదాంట్లో. ఆవిడకి ఒక జత గ్లవ్స్ కొనిపెడితే ఇంకా మంచిది.

పెన్న_ఒడ్డు
22 జనవరి 2022, రాత్రి 8:50

బయటికొచ్చేసినా. పీహెచ్‌సీ రిపోర్టు పాజిటివ్ వచ్చింది, అది వచ్చేసరికి జ్వరమే పోయింది. హెచ్చారు లీవు ఇచ్చినారు. బీబీఎంపీ నించి ఫోన్ చేసి కన్నడలో అడిగినారు, నాకొచ్చిన కన్నడలో జ్వరా హోయ్తు, ఊటా ఆయ్తు (జ్వరం పోయింది, భోజనం అయింది) అని చెప్పినా, నవ్వి పెట్టేసినాడు. దగ్గు ఉంది, మెట్లెక్కితే ఆయాసం, డాక్టరన్న కొన్నాళ్ళు ఉంటదన్నాడు. నాయనమ్మ బాగుంది. అరిసెలు పార్సిల్లో వచ్చినాయి, సగం ఓనరుకి ఇచ్చినా.

కొల్లేరు_కొంగ
20 డిసెంబరు 2023, రాత్రి 9:15

పాత దారం లేపుతున్నందుకు క్షమించండి. జేఎన్.1 అని కోవిడ్ కొత్త రకం అంటున్నారు, కేరళలో వచ్చిందని. మొన్న కర్ణాటక ప్రభుత్వం అరవై దాటినవాళ్ళని మాస్కు పెట్టుకోమంది. మా నాన్నగారు కె.ఆర్.పురంలో మా దగ్గరే ఉన్నారు, దగ్గు, నీరసం. బీరువాలో రెండేళ్ళ కిందటి కిట్ ఒకటి ఉంది. పనిచేస్తుందా?

స్వాబ్_మాస్టర్
20 డిసెంబరు 2023, రాత్రి 10:02

ఎక్స్‌పైరీ చూడండి, అయిపోయే ఉంటుంది. అయిపోతే సీ గీత పడినా నమ్మొద్దు. కొత్త రకాల్లో మారేది ఎక్కువగా స్పైకు, అంటే వైరస్ పైనుండే ముళ్ళ ప్రొటీను, ఈ కిట్లు పట్టేది న్యూక్లియోక్యాప్సిడ్‌ని, అందుకని కొత్త కిట్ అయితే జేఎన్.1కీ చాలావరకు పనికొస్తుంది. అయితే నాన్నగారి వయసుకి నేనైతే కిట్ జోలికి పోను, తిన్నగా ఆర్‌టీపీసీఆర్. ఫ్లూ కూడా తిరుగుతోంది, డాక్టరుకి చూపించండి.

కొల్లేరు_కొంగ
20 డిసెంబరు 2023, రాత్రి 10:10

మా వీధిలో ఏ మెడికల్ షాపులోనూ కిట్లు లేవండీ. ఎవరూ అడగట్లేదని తెప్పించడం మానేశారట.

పీజీ_వదిన
20 డిసెంబరు 2023, రాత్రి 10:26

కుందలహళ్ళి గేటు దగ్గర నిన్న అడిగితే ఒక షాపులో ఉన్నాయన్నారు. రేపు పొద్దున మా ఆయన కూరగాయలకి వెళ్తాడు, తెమ్మంటాను. నాన్నగారికి ఆక్సిజను చూశారా?

కొల్లేరు_కొంగ
20 డిసెంబరు 2023, రాత్రి 10:31

97. నడిపించి చూసినా 96. పొద్దున్నే ల్యాబుకి తీసుకెళ్తున్నాను.